నవాబు పంజరానికి ఇనుప కప్పు

కరీంనగర్‌లోని పిట్టల దుకాణంలో మా ఆయన ఐదో పంజరం పైభాగాన్ని కూడా వేలి కణుపుతో కొట్టి, చెవి ఆనించి విన్నాడు. "ఇది గూడ పనికి రాదు" అన్నాడు. నాకు తల కొట్టేసినట్టయింది. దుకాణంలో అందరూ మమ్మల్నే చూస్తున్నారు.

దుకాణం నడిపే అవేజ్ ఓపికగల మనిషి. "అన్నా, పిట్టకు కప్పుతోని పనేంది? ఎత్తు గాదు, వెడల్పు సూడు. ఇటు నుంచి అటు ఎగరాలె. ఊసల నడుమ వేలు దూరొద్దు, తలకాయ ఇరుక్కుంటది. వెలుతురుండాలె. గంతే" అన్నాడు.

"పైనుంచి ఏమన్న పడితే?" అన్నాడు మా ఆయన.

ఖాళీ చేతులతోనే గోదావరిఖని బస్సెక్కాం. దారిపొడుగునా నేను నోరు విప్పలేదు. విప్పితే అది నా మాట వినదని నాకు తెలుసు.

ఆ పిట్ట మాది కాదు, వాహెద్‌ది. వాహెద్, మా ఆయన విజయేందర్ పదకొండేళ్లు బొగ్గుబాయిలో ఒకే జతగా పనిచేశారు. కప్పు కూలకుండా దన్నులు నిలబెట్టే పని. ముందుగా పొడవాటి కడ్డీతో కప్పును కొట్టి వినాలి. ఖంగుమంటే గట్టిది. డొల్లగా మోగితే లోపల పగులున్నట్టు. జనవరిలో ఒక రోజు ఆ కప్పు కూలింది. మా ఆయన నాలుగడుగులు ఇవతల ఉండి బతికాడు, వాహెద్ పోయాడు.

అప్పటి నుంచి మా ఆయన బాయి దిగలేదు. ఇంట్లో మంచం కూడా పంకా కింది నుంచి దర్వాజ దగ్గరికి జరుపుకున్నాడు. ఎందుకని అడిగితే ఉక్కగా ఉందన్నాడు. పంకా కింది నుంచి జరిగితే ఉక్క తగ్గుతుందా!

వాహెద్ భార్య రబియా, భర్త పోయాక గడప దాటకుండా పాటించే ఇద్దత్ నాలుగు నెలల పది రోజులూ క్వార్టర్‌లోనే గడిపి, భైంసాలోని అన్నగారింటికి వెళ్తూ పిట్టను మాకిచ్చింది. "మా అన్న ఇంట్ల పిల్లులున్నయి. నేను వేరే అర్ర సూసుకున్నంక వచ్చి తీస్కపోత. పాత పంజరం తుప్పువట్టింది అన్నా, జర మంచిది సూడుండ్రి. ఆయన చేతుల మీద పెరిగిన పిట్ట" అంది.

పిడికిలిలో పట్టేంత చిలక. నీలం రెక్కలు, పసుపు ముఖం. వాహెద్ దాన్ని నవాబు అని పిలిచేవాడు. వచ్చిన మొదటి వారం నవాబు పాత పంజరంలోనే ఉండి, తెల్లారేసరికి వాడంతా లేచేలా అరిచేది.

దుకాణం నుంచి వచ్చిన మర్నాడే మా ఆయన తనే పంజరం కట్టడం మొదలుపెట్టాడు. ఐదు నెలల తర్వాత చేతికి పని దొరికింది కదా అని నేనూ సంబరపడ్డాను. నాలుగు మూలలా ఇనుప గొట్టాలు, చుట్టూ రెండు వరసల ఇనుప జాలీ, పైన మందపాటి ఇనుప రేకు. రేకు కింద అడ్డంగా మరో రెండు దన్నులు. మధ్యాహ్నం కూడా లోపల పిట్ట ఎక్కడుందో వెతుక్కోవాలి.

అందులోకి మార్చిన మూడో రోజుకు నవాబు అరవడం మానేసింది. వారానికి గింజలు ముట్టడం తగ్గించి, ఈకలు ఉబ్బించుకుని మూలన కింద కూర్చుంది.

"ఏందయ్య ఇది? పిట్టకు ఇల్లు కట్టినవా, బొంద తవ్వినవా? గా రేకు తియ్యి!"

"తియ్య. తీస్తే పడ్తది."

"ఏం పడ్తది?"

లేచి రేకు మీది నట్లు ఇంకాస్త బిగించాడు. నాకు భయమేసింది. వాహెద్ గుర్తుగా మిగిలింది ఆ పిట్ట. అది మా ఇంట్లో చస్తే రబియాకు ముఖం చూపించలేం, ఈ మనిషి ఇక ఎప్పటికీ లేవడు. దాచడం నా వల్ల కాక రబియాకు ఫోన్ చేసి ఉన్నదంతా చెప్పాను. మర్నాడు పొద్దున బస్సుకే వచ్చింది.

పంజరం ముందు కూర్చుని చాలాసేపు లోపలికి చూసింది. తిడుతుందేమో అనుకున్నాను. మెల్లగా, "కప్పు గింత మందం ఎందుకన్నా?" అని మాత్రం అడిగింది.

మా ఆయన తల దించుకున్నాడు. "ఆ రోజు కొట్టి సూసింది నేనే చెల్లె. గట్టిగనే మోగింది. పా భాయ్, ఏం గాదు అన్నది గూడ నేనే."

ఐదు నెలలు నాతో కూడా అనని మాట అది.

రబియా కళ్లు తుడుచుకుంది. "ఒగలు కొట్టిన కప్పు కిందికి ఆయన ఎన్నడన్న పోయిండా? వానకాలం ఇంట్ల స్లాబు గూడ కట్టెతోని కొట్టి సూసినంకనే నన్ను పండనిచ్చేటోడు. నేను నవ్వేదాన్ని. ఆ రోజు నీ ఎనుక ఆయన కొట్టలేదా?"

"కొట్టిండు" అన్నాడు మా ఆయన, గుర్తు తెచ్చుకుంటూ. "నేను దుంగ ఎత్తుకుంటున్న. సప్పుడు ఇన్న. ఖంగుమన్నది."

"మరి ఆయన గూడ గట్టిదనే అనుకున్నడు గద అన్నా."

మా ఆయన వెక్కి వెక్కి ఏడ్చాడు. తర్వాత లేచి పానా తెచ్చి నట్లు విప్పాడు. నాలుగో నట్టు ఊడాక మాత్రం రేకును రెండు చేతులతో పైకెత్తి పట్టుకుని అలాగే నిలబడిపోయాడు. కింద నవాబు వెలుతురుకు కళ్లు చికిలించింది. దించమంటే దించడు.

రబియా ఒక పక్క, నేనొక పక్క పట్టి దించాం. ఆ రేకు అంత బరువని నాకు అప్పటిదాకా తెలియదు.