ఎత్తుకు తగిన బరువు

నర్సు ట్రైనింగులో చేర్చుకునే ముందు ఒంటి బరువు చూస్తారని చెవిన పడగానే, రెబెకమ్మ ఉదయగిరిలో వరదయ్య శెనక్కాయల మండీకి నేరుగా పోయి పెద్ద తక్కెట్లో కూర్చుంది. వరదయ్య అటువైపు గుండ్లు వేసి చూశాడు.

"నాలుగు మణుగుల రెండు వీశలు. కాయలకు తీసినట్టు తరుగు తియ్యలేదులే, తల్లీ!"

రెబెకమ్మ పకపకా నవ్వింది. నిరుడు సరిగ్గా నాలుగు మణుగులు తూగిన పక్కింటి ఎస్తేరమ్మనే ఆ ట్రైనింగులోకి తీసుకున్నారు. ఇక తనను కాదనే మొనగాడెవడు? ట్రైనింగులో సీటు వచ్చేసినట్టేనని, మర్నాడు పొద్దున్నే బస్సెక్కి ఆత్మకూరు ఆసుపత్రికి పోయింది.

అక్కడ డాక్టరమ్మ మొదట ఆమెను గోడకు ఆనించి ఎత్తు కొలిచింది. అయిదడుగుల ఏడంగుళాలు. తరవాత బరువు చూసి, బల్ల మీది పట్టికలో వేలు పెట్టి పెదవి విరిచింది.

"బరువు చాలదమ్మా. ఇప్పుడే సర్టిఫికెట్టు ఇవ్వలేను."

"చాలకేంది? ఎస్తేరమ్మ కంటే రెండు వీశలు ఎక్కువే ఉండాను!"

"ఆ పిల్లకు రాసిచ్చింది నేనే. ఆమె అయిదడుగులు కూడా లేదు, ఆ ఎత్తుకు ఆ బరువు సరిపోయింది. బరువొక్కటే చూస్తే ఏం తెలుస్తుంది? నీ ఎత్తుకు తక్కువలో తక్కువ నూట ఇరవై పౌన్లు ఉండాల. నువ్వు నూటయిదే ఉండావు. రోగమేమీ లేదు, తిండే చాలటం లేదు. రెండు నెలలు బాగా తిని రా, అప్పుడు రాసిస్తా."

రెబెకమ్మకు తల కొట్టేసినట్టయింది. అయినా బెదిరే రకం కాదు. రెండు నెలలెందుకు, నెలన్నరలో వస్తానని చెప్పి మరీ బయటికి నడిచింది.

ఇంటికి వచ్చేసరికి తల్లి కామమ్మ పళ్లెంలో సంగటి ముద్ద పెడుతోంది. కూతురు జరిగిందంతా చెప్పగానే ఆమె ముఖం పాలిపోయింది.

"నీ కడుపు కొట్టింది నేనేనే! పద్నాలుగేండ్లకే నా తల దాటిపోతివి. ఇంకా పెరిగితే నీకు తగ్గ మొగోడు దొరకడని, ఆ పొద్దు నుంచి నీ ముద్ద సగం చేసి పెడతా వచ్చినా."

రెబెకమ్మకు ఒళ్లు మండిపోయింది. ఎనిమిదేళ్లు! తనకు ఆకలి ఎక్కువని సిగ్గుపడి, మారు అడగకుండా లేచిన పూటలు ఎన్నో. తిట్టడానికి నోరు తెరిచింది. కామమ్మ రెండో ముద్ద పళ్లెంలో వేసి, బిక్కుబిక్కుమంటూ చూసింది.

"ఇంకా పెరగవు కదా?"

"పెరిగితే పెరగనీమ్మా," అంది రెబెకమ్మ. "ఇంకొకటి వెయ్యి."