నలభై నిమిషాల నిద్ర

వెనక తలుపు తీయగానే బండి టింగుమంది. తలుపు తీసి ఉందని చెప్పడం దాని ఉద్దేశం. తీసినవాడికే ఆ కబురు! "తెలుసమ్మా తల్లీ, తీసింది నేనే" అని గొణుక్కుంటూ డ్రైవరు నిదానం సీటు మీద చిన్న దిండు సర్దాడు. అమ్మగారి ఎడమచేతికి వారానికి మూడుసార్లు సూదులు గుచ్చుతారు. ఆ చేతి మీద ఏదీ ఒత్తకూడదు. బెల్టు పెట్టకపోతే ఈ బండి ఊరుకోదు. అందుకని ఒళ్ళో దిండు పెట్టి, దాని మీదుగా బెల్టు వదులుగా వేయడం ఆయన కనిపెట్టిన ఉపాయం.

యాభై తొమ్మిదేళ్ళ పొట్టిమనిషి. కుడిచేయి ఎడమచేతికన్నా బాగా నలుపు. ముప్పై ఒక్కేళ్ళు ఆ మోచేయి పాత బండి కిటికీ మీద ఎండలోనే ఉంది. కొత్త బండికి అద్దాలు దించే పని లేదు కనుక నాలుగు నెలలుగా ఆ చేయి మెల్లగా రంగు తిరుగుతోంది. "ఈ వయసులో ఈ మెరుపేమిటో!" అని భార్య ఆటపట్టిస్తే వినీ విననట్టు ఊరుకుంటాడు. అసలు పేరు ఆమెకు తప్ప ఎవరికీ గుర్తులేదు. నిదానమే ప్రధానం అని వయసులో ఉన్నప్పుడు తోటి డ్రైవర్లు వెక్కిరించేవాళ్ళు. రానురాను ప్రధానం రాలిపోయి నిదానం మిగిలింది.

కూతురి భుజం పట్టుకుని అమ్మగారు మెట్లు దిగి వచ్చారు. డెబ్భై ఆరేళ్ళు. చీర కుచ్చిళ్ళ కింద పాదాలు వాచి ఉన్నాయి.

"అత్తగారు లేచిందా?" అన్నారు.

"లేవకేమండీ. తెల్లారకముందే మొదలెట్టింది."

బండికి ఆ పేరు పెట్టింది అమ్మగారే. "మా అత్తగారికి అన్నం తినేటప్పుడన్నా నోరు ఆగేది, దీనికి అదీ లేదు" అంటారు.

"ఊరికే ఆడిపోసుకోకమ్మా. అదంతా నీ మంచికే" అంది కూతురు.

"అత్తగార్లందరూ అనే మాట అదేనే పిచ్చిదానా."

కూతురు నవ్వి, నిదానం వైపు తిరిగింది. అయిదేళ్ళ వయసులో ఆయన పక్క సీట్లో కూర్చుని బడికి వెళ్ళిన పిల్ల. ఇప్పుడు పెద్ద ఆఫీసులో పెద్ద ఉద్యోగం. "బాబాయ్, సాయంత్రం దాకా నాకు మీటింగులు. అయినా ఫోను చేస్తా. జాగ్రత్త" అంది. ఆ "జాగ్రత్త" ఆమె ఊరికే అన్నదే కావచ్చు. ఆయనకు మాత్రం తగలాల్సిన చోట తగిలింది.

ఎందుకంటే ఐదు నెలల కిందట పాత బండి బ్రేకు అందక గేటు స్తంభాన్ని గుద్దింది. ఎవరికీ గోరంత దెబ్బ తగల్లేదు. కానీ లోపల అమ్మగారు ఉన్నారు. పాత బండిని అమ్మేసి, ఉన్న భద్రతలన్నీ ఉన్న బండి తెచ్చింది కూతురు. రోడ్డు మీది గీత తొక్కితే ఒక కూత, వేగం పెరిగితే ఒక కూత. ముందు బండికి దగ్గరగా వెళ్తే కూత, ఆ బండి కదిలాక మనం కదలకపోయినా కూత. ఆయన ఆవలిస్తే టీ కప్పు బొమ్మ వేసి మరీ కూత! అన్నిటికన్నా నిదానానికి ఒళ్ళు మండేది ఆఖరిది. ఇల్లు చేరి ఇంజను ఆపగానే గట్టిగా ఐదుసార్లు మోగి, తెర మీద ఏవో అక్షరాలు వస్తాయి. వెనక సీటు చూసుకోండి అని దాని అర్థమట. చంటిపిల్లల్ని బండిలో మరిచిపోయే మహానుభావులు ఉంటారని కూతురు చెప్పింది. "ముప్పై ఏళ్ళుగా మనుషుల్ని మోస్తున్నాను. నేను మరిచిపోతానా?" అని ఆయనకు రోషం.

రోషం మాట ఎలా ఉన్నా, అసలు బాధ వేరే ఉంది. అమ్మగారికి రాత్రిళ్ళు నిద్రపట్టదు. ఒళ్ళంతా దురద, కాళ్ళ పిక్కలు పట్టేస్తాయి. కిడ్నీలు పనిచేయక ఆసుపత్రిలో రక్తం శుద్ధి చేసే ఆ నాలుగు గంటలూ చుట్టూ పది మిషన్లు కూస్తుంటాయి. నర్సునడిగి రెండు దూది ఉండలు తీసుకుని చెవుల్లో పెట్టుకుంటారు. ఇంటికి వచ్చే ఆ నలభై నిమిషాల్లోనే, పాత బండిలో, ఆవిడకి నిద్ర వచ్చేది. ఎక్కి కూర్చోగానే చెవుల్లోంచి దూది తీసేవారు. చేతిరుమాలు మడిచి, దాని మీద ఆ ఉండల్ని పెట్టేవారు. అది చూస్తే చాలు, ఇంక నిద్రే అని ఆయనకు తెలిసిపోయేది. మొదటి మలుపు తిరిగేసరికి చిన్న గురక. ఆ గురక వింటూ, ఇంజను చప్పుడు వింటూ ముప్పై మైళ్ళ వేగంతో బండి నడపడం తన బతుకులో అన్నిటికన్నా ఇష్టమైన పని అని నిదానం ఎవరితోనూ చెప్పలేదు. చెబితే నవ్వుతారు.

కొత్త బండి వచ్చాక అమ్మగారు చెవుల్లో దూది తీయలేదు. నిద్రా పోలేదు. "పోనీలేవయ్యా, ఇంక ఎలాగూ ఎక్కువకాలం మేలుకుని ఉండనుగా" అన్నారు ఒకరోజు. ఆ రాత్రి ఆయనకు అన్నం సయించలేదు.

మెకానిక్కు దగ్గరికి వెళ్ళి బతిమాలాడు. స్టార్ట్ చేసినప్పుడు వచ్చే పాట ఒక్కటే అతను తీయగలిగాడు. "మిగతావి ఆపినా, మళ్ళీ స్టార్ట్ చేస్తే వాటంతట అవే వచ్చేస్తాయి. అయినా అమ్మాయిగారు వద్దన్నారుగా" అన్నాడు. సరే, అది మోగకుండా ఆపలేకపోతే, మోగే పని మనమే చేయకుండా ఉంటే పోలేదా అనుకున్నాడు నిదానం. అప్పట్నుంచీ ఒక్కో కూతకీ కారణం పట్టుకుంటూ వచ్చాడు. ఖాళీ వీధిలో గీత దాటాలన్నా ఇండికేటరు వేశాడు. ముందు బండి కదలబోతోందని దాని వెనక దీపాలు చూసి పసిగట్టడం నేర్చుకున్నాడు. మొదటివారం దారిలో పాతిక కూతలు. తర్వాత పది. కిందటిసారి రెండే రెండు.

ఆసుపత్రి దగ్గర అమ్మగారిని దించి, వెనక్కి తీసేటప్పుడు కూయకుండా బండిని ముక్కు బయటికి పెట్టి నిలిపాడు. పెట్రోలు నిన్ననే నింపాడు, అది తగ్గినా అత్తగారు అరుస్తుంది మరి. చెట్టునీడన టాక్సీ డ్రైవరు పలకరించాడు.

"ఏం నిదానం, ఇంకా కోడలు గెలవలేదా?"

"ఇవాళ గెలుస్తుంది చూడు."

"గెలిస్తే టీ నువ్వే పోయించాలి."

"పోయిస్తాలే. నీ నోరు కూడా కాసేపు ఆగుతుంది."

పదకొండున్నరకి అమ్మగారు చక్రాల కుర్చీలో వచ్చారు. ముఖం పాలిపోయి ఉంది. అదేం కొత్త కాదు, ఎప్పుడూ ఉండేదే. చెవుల్లో దూది, చేతి మడతలో కట్టు. ఇంజను ఆపి ఉండగానే ఎక్కించి, దిండు పెట్టి, బెల్టు వేసి, తలుపు మూశాడు. తను కూర్చుని తలుపు వేసుకున్నాడు. బెల్టు పెట్టుకున్నాక గానీ స్టార్ట్ చేయలేదు. చప్పుడు లేదు.

"పడుకోండమ్మగారూ" అన్నాడు.

"చూద్దాంలే" అన్నారావిడ కళ్ళు మూసుకుని.

ఆసుపత్రి వీధి దాటింది. మొదటి సిగ్నలు దగ్గర బ్రేకు సగమే తొక్కి పట్టుకున్నాడు. పూర్తిగా తొక్కితే ఇంజను తనంతట తను ఆగి, మళ్ళీ ఒళ్ళు విదిలించుకుని లేస్తుంది. వంతెన మీద ఒక మోటారుసైకిలు దూసుకొచ్చి ముందుకి దూరింది. ఆయన ఊపిరి బిగపట్టి, బండి పొడుగున్నంత ఎడం వదిలేశాడు. వెనకవాడెవడో హారను కొట్టి తిట్టాడు. తిట్టుకోనీ! కూరగాయల బజారు దగ్గర రోడ్డు సగం మూసేశారు. అక్కడ గీత తొక్కక తప్పదు. ముందే ఇండికేటరు వేసి, గుడ్లు పెట్టిన బుట్ట మోస్తున్నట్టు బండిని పక్కకు జరిపాడు. అత్తగారు కిమ్మనలేదు. అద్దంలోకి చూశాడు. అమ్మగారి తల కిటికీకి ఆనింది. నోరు కొంచెం తెరుచుకుంది. చెయ్యి దిండు మీద మెత్తగా పడి ఉంది. గురక వినబడలేదు. కొత్త బండి సీట్లు మెత్తన కదా, గురక రాదేమో అనుకున్నాడు.

స్టీరింగు మీద అరచేతులు తడిసి ఉండటం చూసుకుని ఆయనకు నవ్వొచ్చింది. ఈ వయసులో పరీక్ష రాస్తున్న పిల్లాడిలా చెమటలేమిటి!

గేటులోకి తిప్పితే స్తంభం దగ్గర కూస్తుంది. అందుకని బయటే, ప్రహరీగోడ నీడన ఆపాడు. ఇంజను మాత్రం ఆపలేదు. ఆపితే ఐదుసార్లు మోగుతుంది, నిద్ర సగంలో చెడుతుంది. ఆవిడంతట ఆవిడ లేచేదాకా ఇలాగే ఉంటే మునిగిపోయేదేముంది?

నలభై నిమిషాల దారి. ఒక్క కూత లేదు. చెప్పొద్దూ, పెళ్ళినాడు కూడా అంత సంతోషపడి ఉండడు. చేతులు ఒళ్ళో పెట్టుకుని, కదిలితే సీటు కిర్రుమంటుందేమోనని కదలకుండా కూర్చున్నాడు. వంటమనిషి గేటు దగ్గరికి వస్తే పెదవుల మీద వేలు పెట్టాడు. ఆమె తల ఊపి వెళ్ళిపోయింది. జేబులో ఫోను వణికింది. కూతురు.

"బాబాయ్, ఇల్లు చేరారా?"

"చేరి పావుగంటయిందమ్మా" అని గుసగుసగా అన్నాడు. "నిద్రపోతున్నారు."

"నిజంగానా? ఈ బండిలోనా?"

"ఒక్క కూత కూయనివ్వలేదమ్మా."

"లేపకు బాబాయ్. ఎంతసేపైనా సరే, లేపకు. నేనే వచ్చేస్తున్నా, నాకు చూడాలనుంది" అంది.

ఆమె వచ్చేసరికి మరో నలభై నిమిషాలు. వీధి చివరే టాక్సీ దిగి, చెప్పుల చప్పుడు కాకుండా నడిచి వచ్చింది. ఆయన వైపు చూసి నవ్వింది. అమ్మ తల ఆనని వైపు నుంచి వెనక తలుపు మెల్లగా, చాలా మెల్లగా తీసింది.

ఇంజను నడుస్తుండగా తలుపు తీసినందుకు బండి టింగు టింగుమంటూ అందుకుంది. ఆగలేదు. "అయ్యో, చెడగొట్టావు కదే" అని నిదానం బండిని కసిరి వెనక్కి తిరిగాడు. అమ్మగారు కదల్లేదు.

"అమ్మా" అంది కూతురు. చెంప మీద చెయ్యి వేసింది. ఆ చెయ్యి అక్కడే ఉండిపోయింది.

డాక్టరు వచ్చి చూశాడు. శుద్ధి చేశాక గుండె ఒక్కోసారి అలిసిపోతుందన్నాడు. ఎప్పుడని అడిగితే, గంటా గంటన్నర అయి ఉండొచ్చు, దారిలోనే కావచ్చన్నాడు. నిద్రలోనే పోయారు, ఆవిడకేమీ తెలిసి ఉండదన్నాడు.

నిదానం గోడవారన చతికిలపడి మలుపులు లెక్కపెట్టుకుంటున్నాడు. సిగ్నలు దగ్గరా? వంతెన మీదా? బజారు దగ్గర తను బుట్ట మోసినట్టు పక్కకు జరిపినప్పుడు, అప్పటికే లేరా? ఇంజనులో ఒక నట్టు వదులైతే చప్పుడుతో పట్టేసే చెవులు ఇవి. వెనక ఊపిరి ఆగితే వినలేదు. ఒక్క కూత కూసినా ఆవిడ ఉలిక్కిపడి ఉండేవారేమో. కళ్ళు తెరిచి, అత్తగారిని ఏదో ఒకటి అని ఉండేవారేమో. ఆయన ఏడ్చాడు. గట్టిగానే ఏడ్చాడు.

కూతురు వచ్చి పక్కన కింద కూర్చుంది.

"దారిలో ఒక్కసారన్నా మోగలేదా బాబాయ్?"

"లేదమ్మా. ఒక్కసారి కూడా."

ఆమె ఆయన నల్లటి చెయ్యి పట్టుకుంది. "లేపొద్దన్నది నేనేగా" అంది.

సాయంత్రానికి బంధువులు రావడం మొదలైంది. వచ్చేవాళ్ళకి అడ్డంగా ఉంది, బండి లోపల పెట్టమని ఎవరో అన్నారు. అది ఇంకా నడుస్తూనే ఉంది. అంతసేపూ ఎవరికీ ఆపాలని తోచలేదు. ఆయన లేచి వెళ్ళి కూర్చున్నాడు. బెల్టు పెట్టుకోలేదు. బండి కూసింది. గేటు స్తంభం దగ్గర కూసింది. కూయనిచ్చాడు. షెడ్డులోకి తీసుకెళ్ళి ఇంజను ఆపాడు.

ఐదుసార్లు మోగింది. తెర మీద అక్షరాలు వచ్చాయి.

ఈ నాలుగు నెలల్లో ఆ మాటకి ఆయన ఒక్కరోజూ తల తిప్పలేదు. ఇవాళ తిప్పి చూశాడు.

సీటు మీద దిండు పల్లం పడి ఉంది. దాని పక్కన నాలుగు మడతలుగా చక్కగా మడిచిన చేతిరుమాలు, దాని మీద చెవుల్లోంచి తీసి పెట్టిన రెండు చిన్న దూది ఉండలు.