వెనక సీటు

చివరి వాల్వు ఒక్కటి మిగిలింది. యాదవ్వ వాకిట్లో కాళ్లు చాపుకొని, ఇంజను హెడ్డును గోనెసంచి మీద తిరగేసి పెట్టుకొని, రబ్బరు మూతి ఉన్న కర్రను రెండు అరచేతుల మధ్య పప్పుగుత్తి తిప్పినట్టు తిప్పుతోంది. కర్రకు అంటుకున్న వాల్వు నల్లటి పేస్టులో బరబర అరుగుతూ తన గూట్లో కూర్చుంటోంది. కొంతసేపు తిప్పడం, ఎత్తి తుడిచి చూడడం, మళ్లీ తిప్పడం. ఇల్లూ షెడ్డూ ఒకే రేకుల కప్పు కింద ఉండటంతో పొయ్యి మీది అన్నాన్ని కూడా ఆమె అక్కడినుంచే కనిపెట్టుకుంటోంది.

"అయిపాయెనా?" షెడ్డులోంచి మొగుడు రాయమల్లు కేక వేశాడు.

"అయితున్నది. ఎడమ రెక్క గుంజుతున్నదయ్యా."

"వాల్వులు తిప్పితె గుంజదా మరి? జర నూనె రాసుకో."

కరీంనగర్‌లో రాయమల్లు మేస్త్రికి పెద్ద పేరేమీ లేదు. లారీలవాళ్లు అతని గుమ్మం తొక్కరు. ఎవరూ ముట్టని ముసలి కార్లు మాత్రం అతని దగ్గరికి వస్తాయి. ఈ షెవర్లే రాజేశ్వర్‌రావు దొరది. జనం దొరల మీద తిరగబడ్డ గొడవల కాలంలో దొర ఊరు వదిలి హైదరాబాదు పోతే, ఇది పశువుల కొట్టంలో ఏళ్లతరబడి పడి ఉంది. ఎలుకలు సీట్లలో కాపురం పెట్టాయి. పిస్టన్లు తుప్పుపట్టి సిలిండర్లను కరుచుకున్నాయి. వాటిని ఊడదీసేసరికి రాయమల్లుకు తెలిసిన తిట్లన్నీ అయిపోయాయి.

వాల్వులు అరగదీసే పని పెళ్లయిన కొత్తలోనే యాదవ్వ చేతికి వచ్చింది. అతనికి ఓపిక తక్కువ, సగంలోనే లేస్తాడు. గిరాకీల ముందు మాత్రం "నేనే అరగదీసిన" అని మీసం దువ్వుతాడు. ఆమె లోపల్లోపల నవ్వుకునేది. తను చెయ్యి పెట్టిన ప్రతి కారుకూ ఆమె అడిగింది ఒకటే, ఒక్కసారి ఎక్కించుకొని తిప్పమని. ఒకసారి యజమాని ముందే వచ్చాడు. ఒకసారి వాన పడింది. తక్కిన అన్నిసార్లూ "వచ్చే కార్ల తిప్పుత తియ్" అన్నాడు. రానురాను ఆమె నవ్వుతూ అడగడం మొదలుపెట్టింది. ఆశ వదులుకుంటోందని అతనికి తట్టలేదు, సరదాకు అడుగుతోందనుకున్నాడు.

వాల్వులు బిగించాక రాయమల్లు హెడ్డు రంధ్రాల్లో కిరసనాయిలు పోసి, వాల్వుల సందుల్లోంచి కారుతోందేమోనని వంగి చూశాడు. ఎక్కడా తడి లేదు.

"సుక్క దిగలే," అన్నాడు. అతని నోట అంతకుమించిన మెప్పు ఆమె ఎన్నడూ వినలేదు.

మధ్యాహ్నానికి హెడ్డు ఎక్కింది. హ్యాండిల్ తిప్పగా తిప్పగా ఇంజను దగ్గి, పొగ కక్కి, చివరికి అందుకుంది. రాయమల్లు నడుం నిమురుకుంటూ చాలాసేపు దాని ముందే నిలబడ్డాడు. దొర డ్రైవరు వచ్చేది రేపు.

"చీర మార్చుకోపో. మానకొండూరు దాక పోయొద్దాం."

ఆమె వెంటనే నమ్మలేదు. "కొత్తగ బిగించిన ఇంజను గద, నన్ను మోస్తదా?"

"మెల్లగ తోల్త. నువ్వు నడు."

సబ్బుతో ఎంత రుద్దినా అరచేతి గీతల్లోని నలుపు వదల్లేదు. ఆకుపచ్చ చీర కట్టుకొని వచ్చి కారు ముందు తలుపు దగ్గర నిలబడింది.

"ముందట క్లీనర్లు కూసుంటరే. నువ్వు ఎనుక కూసో, దొరసాని లెక్క."

"ఒక్కదాన్నే ఎనుక ఏం జెయ్యాలె? నీ పక్కకు కూసుంటనయ్యా."

"ఇన్నేండ్లకు ఎక్కిస్తున్న. చెప్పినట్టు ఇను."

వెనక తలుపు తెరిచి, సలాం చేసి, తనే గబగబా వెళ్లి స్టీరింగు ముందు కూర్చున్నాడు. ఆమె నవ్వుతూ ఎక్కింది.

ఊరు దాటాక "మంచిగుందా?" అని అడిగాడు.

"మంచిగుందయ్యా. గాలొస్తున్నది."

మక్కచేన్లు మెల్లగా వెనక్కి పోతున్నాయి. ఇంజనులో ఎక్కడో సన్నగా టిక్కు టిక్కుమంటోంది. రాయమల్లు చెవి దానిమీద పడింది. మానకొండూరులో బండి తిప్పుకున్నాడు. "అగో, మీ అక్కోళ్ల ఇల్లు," అన్నాడు. జవాబు రాలేదు. కునుకు తీస్తోందనుకున్నాడు. సగం దారిలో ఇక ఆగలేక కారు పక్కకు ఆపి, బానెట్ ఎత్తి, ఒక స్క్రూ కాస్త బిగించాడు. చప్పుడు పోయింది. ఇంజను మెత్తగా నడుస్తోంది. అతనికి పట్టరాని సంతోషం కలిగింది.

"ఇంటున్నవా యాదీ? ఎంత మంచిగ నడుస్తున్నదో! ఇది నా పనితనం కాదే, అంత నీ వాల్వుల గొప్పతనమే."

ఆ మాట అతను అనడం అదే మొదలు. నవ్వుతుందేమోనని వెనక తలుపు తీశాడు. ఆమె తల అవతలి అద్దానికి ఆని ఉంది. ఒళ్లో అరచేతులు తెరుచుకొని ఉన్నాయి.

కొత్తగా బిగించిన ఇంజను అని చూడకుండా దవాఖానకు ఉరికించాడు. డాక్టరు చెయ్యి పట్టి చూసి, గుండె ఆగిందనీ, ఆగి చాలాసేపైందనీ చెప్పాడు. ఊరు దాటాక "గాలొస్తున్నది" అన్నదే ఆమె ఆఖరి మాటని రాయమల్లు లెక్కేసుకున్నాడు. పక్కన కూర్చుంటానంది. కూర్చోనిస్తే ఒక్కసారైనా ఆమె వైపు చూసేవాడు. దొరసానిని చేశాననుకున్నాడు, ఒంటరిదాన్ని చేసి పంపాడు.

ఆ కారులోనే ఇంటికి తెచ్చాడు. ఏడుస్తూ ఎదురొచ్చిన పక్కింటి బాలవ్వ, శవాన్ని దించబోతూ కాళ్లు పట్టుకొని ఆగింది.

"అయ్యో, ఉత్త కాళ్లతోనే పోయిందా?"

రాయమల్లు అటూ ఇటూ చూశాడు. షెడ్డు ముందు, మధ్యాహ్నం కారు నిలబడ్డ చోట, వెనక తలుపు ఉన్న జాగాలో, దొర కారు మురికవుతుందని విప్పిన ఆమె చెప్పుల జత ఇంకా అట్లాగే ఉంది.