సున్నపు తేట

జాడీ మూత తీసి, నీళ్ల మీద కట్టిన పలచటి పొరను పాపారావు గరిటె అంచుతో పక్కకు నెట్టాడు. రాత్రి కలిపి ఉంచిన గుల్లసున్నం అడుగున ముద్దగా చేరి, పైన తేట నిలిచింది. అడుగు కదలకుండా తేటను మాత్రం తోడి సెలైన్ సీసాలో పోశాడు. ఆసుపత్రిలో మంచం పక్కన వేలాడే సీసా, గొట్టమే. ఇక్కడ అది ఉప్పునీటి అక్వేరియం మీద వేలాడుతుంది. గొట్టానికున్న నీలం చక్రాన్ని బొటనవేలితో తిప్పితే చుక్కలు పెరుగుతాయి, తగ్గుతాయి.

ఏలూరు పవర్‌పేటలోని ఆ బట్టల షాపు షట్టరు ఇంకా సగమే లేచింది. తడిగుడ్డ పెట్టిన నేల ఫినాయిలు వాసన వేస్తోంది. పాపారావు పొట్టి మనిషి. సున్నంలో నాని నాని వేళ్ల చివర్లు పగిలి గట్టిపడ్డాయి. చొక్కా జేబులో పెన్ను ఉండాల్సిన చోట కంట్లో వేసుకునే చుక్కల మందు ఉంటుంది. అదేమిటని అడిగితే, దుమ్ము పడుతోందని చెబుతాడు. నీటికాసులనీ, పోయిన చూపు తిరిగి రాదనీ డాక్టరు చెప్పిన మాట ఇంట్లో భార్యకు తప్ప ఎవరికీ తెలియదు.

ఆయన తండ్రి కైకలూరు అవతల కొల్లేటి గుల్లలు ఏరి, బట్టీలో కాల్చి సున్నం అమ్మేవాడు. గోడలకూ అదే, తమలపాకుకూ అదే. ఆ పని పడిపోయాక పాపారావు రొయ్యల చెరువుల నీళ్లు పరీక్ష చేసే పనిలో కుదిరాడు. షాపు యజమాని గిరిధర్ సరదాపడి పగడాల అక్వేరియం పెట్టించి, అది నిలవక దిగులుపడుతున్నప్పుడు ఎవరో ఈయన పేరు చెప్పారు. పగడానికి ఒళ్లంతా సున్నమేనని వినగానే పాపారావు నవ్వాడు. "అయితే మా ఇంటి పనే కదండీ," అన్నాడు.

అప్పుడు బొటనవేలంత ఉన్న ఊదారంగు పగడపు ముక్క ఇప్పుడు రెండు చేతుల్లోనూ ఇమడని పొద అయింది. తాడేపల్లిగూడెం నుంచి పెళ్లిబట్టలకు వచ్చినవాళ్లు కూడా చీరలు మరిచి దాని ముందు నిలబడిపోతారు. పిల్లలు అద్దానికి ముక్కులు ఆనిస్తారు. పాపారావు వెనకాల నిలబడి, ఆ ముక్కుల గుర్తులు తుడవడానికి గుడ్డ పట్టుకుని, ఏమీ ఎరగనట్టు ఉంటాడు. కోటీశ్వరుడైనా ఆ క్షణంలో ఆయనకంటే నిండుగా కనిపించడు.

పగడం నీళ్లలోని కాల్షియాన్నీ, ఆల్కలినిటీ అనే క్షారగుణాన్నీ తీసుకునే ఎముక కట్టుకుంటుంది. పులుసులో ఉప్పూ పులుపూ లాగ రెండూ కుదరాలి. సున్నపు తేట రెండింటినీ కలిపే ఇస్తుంది. అలాంటిది కొన్నాళ్లుగా పరీక్షలో ఆల్కలినిటీ ఎక్కుతోంది, కాల్షియం దిగుతోంది. ఎక్కువైందని రోజూ చక్రం బిగిస్తూ వచ్చాడు. పగడం కొసలు మాత్రం వెలిసిపోతున్నాయి. దాని ఒంటి మీది సన్నని పువ్వులు ముడుచుకుని ఉంటున్నాయి. తన చేతిలో ఎన్నడూ ఇలా కాలేదు. ఆ దిగులుతో రాత్రి అన్నం కూడా సరిగ్గా దిగలేదు.

గాజుసీసాలో అక్వేరియం నీళ్లు తీసుకుని మందు కలిపాడు. నీలంగా మారాయి. ఇక రెండో మందు చుక్కచుక్కగా వేయాలి. నీలం పోయి పసుపు తిరిగేలోపు ఎన్ని చుక్కలు పడితే ఆల్కలినిటీ అంత.

సత్యవేణి బ్లౌజుపీసుల కట్ట చంకన పెట్టుకుని వచ్చింది. చీర అంచుకు నప్పే రంగు గుట్టలోంచి ఒక్క చూపులో లాగగలదని షాపులో ఆమెకు పేరు.

"పగడాలకి చేసే సేవ పిన్నిగారికి ఒక్కరోజైనా చేశారా, బాబాయిగారూ?"

"ఆవిడకి ఆల్కలినిటీ ఎప్పుడూ ఎక్కువేనమ్మా," అంటూనే చుక్క వేశాడు. ఇంకోటి వేశాడు.

సత్యవేణి నవ్వబోయి ఆగింది. "అదేంటండీ, పసుపైపోయాక కూడా వేస్తున్నారు?"

"నీ బ్లౌజుపీసులు కావమ్మా ఇవి. నీ పని చూసుకో."

"నిమ్మపండు రంగులో ఉంటేనూ!"

పాపారావు సీసాను లైటుకేసి ఎత్తాడు. ఆయనకు అది మాసిన నీలంగానే ఉంది. సీసా కడిగి మళ్లీ నీళ్లు తీశాడు. "ఇలా రా అమ్మా. మారగానే చెప్పు," అన్నాడు, గొంతు తగ్గించి.

ఆమె "మారిందండీ" అన్నప్పుడు పడిన చుక్కలు ఆయన ఇన్నాళ్లూ వేసినన్ని లేవు. ఎక్కింది ఆల్కలినిటీ కాదు. చూపు తప్పి చుక్కలు ఎక్కువ వేసి, లేని దాన్ని ఉందనుకుని, పగడం నోటి దగ్గర తిండి రోజురోజుకూ తనే తగ్గించాడు.

చక్రాన్ని కొద్దిగానే వదులు చేశాడు. ఆకలిగొన్నదానికి ఒక్కసారే పెట్టకూడదు. రోజుకింతని ఎలా పెంచాలో సత్యవేణికి చెప్పాడు. తేట తోడటం దగ్గరుండి చేయించాడు. మొదటిసారి ఆమె అడుగు కదిపేసింది; పారబోసి, ఇంకో జాడీ చూపించాడు. సాయంత్రానికి ఆమె గరిటె కింద నీళ్లు అద్దంలా నిలిచాయి. "మా నాన్న చూస్తే బట్టీ నీకే రాసిచ్చును," అన్నాడు.

తన చూపు సంగతీ, ఇక పని మానేస్తున్న సంగతీ గిరిధర్‌కు దాచకుండా చెప్పాడు. అతను కంగారుపడ్డాడు. "మీరెక్కడికీ వెళ్లొద్దండీ. ఇక్కడే కుర్చీ వేసుకుని కూర్చోండి, చాలు."

"రంగు ఇంకోళ్లనడిగి చెప్పడానికి కుర్చీ ఎందుకండీ బాబుగారూ? నా చేతిలో పెరిగింది. నా చేతిలో పోలేదు. నాకది చాలండీ."

వెళ్లేముందు అక్వేరియం అద్దం పైనుంచి కిందికి ఓసారి తుడిచాడు. గుల్లసున్నం డబ్బా మూత బిగించి సత్యవేణికి అప్పగించాడు. గుడ్డ నాలుగు మడతలు వేసి జాడీ మీద పెట్టాడు. కైకలూరు బస్సు ఎక్కేదాకా తల ఎత్తుకునే నడిచాడని, వెంట వెళ్లి దిగబెట్టిన గిరిధర్ ఇప్పటికీ చెబుతాడు.

పగడం పువ్వులు విచ్చాయి. కొసల్లో కొత్త ఎముక బియ్యపుగింజల్లా తెల్లగా పొడుచుకొచ్చింది. సత్యవేణి రోజూ అద్దం తుడుస్తుంది, గొట్టం తుడుస్తుంది. నీలం చక్రాన్ని మాత్రం అంచు పట్టుకునే తిప్పుతుంది. దాని నడుమ ఎండిపోయిన సున్నంలో, గీతలు గీతలుగా, ఒక బొటనవేలి ముద్ర ఉంది.