అద్దంలో రెండు సెకన్లు

ఆ బట్టల షాపులో పదకొండు మంది ఆడవాళ్లు పనిచేస్తారు. కుర్చీ మాత్రం ఒక్కటే, అది ఫ్లోరు సారుది. ఆయన అందులో కూర్చుని, ఇంకెవరూ ఎక్కడా కూర్చోకుండా చూసుకుంటాడు.

పిల్లల బట్టల కౌంటరులో ఉండే ఆవిడ అక్కడ చేరి పంతొమ్మిదేళ్లయింది. అందరికంటే ముందు చేరింది కాబట్టి అందరికీ పెద్దక్క. ఉదయం పదింటికి నిలబడితే షట్టరు దించేదాకా నిలబడటమే. మధ్యలో భోజనానికి ఇరవై నిమిషాలు, స్టాకు రూములో మూటల మీద. మొదట్లో మడమలు నొప్పి పెట్టేవి, తర్వాత మోకాళ్లు, ఆ తర్వాత నడుము. నొప్పి ఏటా ఒక అంతస్తు పైకి మకాం మారుస్తోందని నవ్వుకునేది. తనలో తనే నవ్వుకోవాలి మరి, గదిలో వినే దిక్కు లేదు. పెళ్లి ఊసు ఎత్తేవాళ్లు ఎత్తి ఎత్తి విసిగి మానేశారు. అమ్మ పోయి పద్నాలుగు నెలలైంది. తమ్ముడు ఉన్నది ఆ ఊళ్లోనే, రెండు బస్సులు మారితే వాడి ఇల్లు. రోజూ పొద్దున్నే ఫోన్‌లో ‘శుభోదయం’ అని రాసి ఉన్న పువ్వుల బొమ్మ పంపుతాడు. వందమందికి ఒక్క నొక్కుతో పంపుతాడని ఆమెకు తెలుసు. అయినా ‘శుభోదయం నాన్నా’ అని వాడొక్కడికే, ఒక్కో అక్షరం వెతుక్కుని కొట్టి పంపుతుంది.

కెమెరా అమ్మాయి మొదట కొనుగోలుదారులా వచ్చింది. రెండేళ్ల పాపకు గౌను కావాలంది. గౌన్లు చూడకుండా కౌంటరు పక్కనుంచి వంగి పెద్దక్క కాళ్లు చూసింది.

“కాళ్లు వాచాయాంటీ.”

“అవి పుట్టుకతోనే అంతమ్మా. గులాబీరంగు చూపించనా?”

“నాకు పాప లేదాంటీ. మీతో మాట్లాడాలని వచ్చాను.”

“అయితే గట్టిగా బేరమాడు. సారు ఇటే చూస్తున్నాడు.”

ఆ సాయంత్రం బస్టాపులో అసలు విషయం బయటపడింది. షాపుల్లో పనిచేసే ఆడవాళ్లకు కూర్చునే వీలు కల్పించాలని ఆ అమ్మాయీ ఆమె స్నేహితులూ ఏడాదిగా అర్జీలు పెడుతున్నారట. అర్జీలు వెళ్లిన చోటే పడుకున్నాయట. “కాగితం చదివి ఎవరూ కదలడం లేదాంటీ. మీలాంటి వాళ్లు ఒక్కరు కెమెరా ముందు మాట్లాడితే, చూసి కదులుతారు. మీ పేరుండదు. మొహం మసక చేసేస్తాం. గొంతు మార్చేస్తాం. కన్నతల్లి కూడా గుర్తుపట్టదు.”

“కన్నతల్లి లేదులే. ఆ బెంగ అక్కర్లేదు,” అంది పెద్దక్క.

వారపు సెలవు రోజున, ఎవరిదో మూతపడిన బట్టల దుకాణంలో షూటింగు పెట్టారు. చుట్టూ చొక్కాల్లేని బొమ్మలు, ఒక పక్కన నిలువుటద్దం. ఆ అమ్మాయి స్టూలు మీద కూర్చోబెట్టి, కొంగుకు చిన్న మైకు తగిలించి, “మీ కాళ్ల గురించి చెప్పండి ఆంటీ” అంది. అని, ఊరుకుంది. పెద్దక్క ఏదో రెండు ముక్కలు చెప్పి ఆపింది. ఆ అమ్మాయి ఇంకా వింటూనే ఉంది. మాట అయిపోయాక కూడా ఎవరైనా వింటారని పెద్దక్క మరిచిపోయి చాలా కాలమైంది. కాళ్ల దగ్గర మొదలుపెట్టిన మనిషి ఆసుపత్రి దాకా వెళ్లిపోయింది.

“అమ్మను చేర్పించిన వారంలోనే షాపులో తగ్గింపు అమ్మకాలు. సెలవివ్వలేదు. పని దిగి వెళ్లేసరికి నర్సమ్మ జాలిపడి కుర్చీ వేసింది. కూర్చున్నానో లేదో, నిద్ర ముంచుకొచ్చేసింది. అమ్మ నాతో ఏదో చెప్పిందట. ఏం చెప్పిందో నర్సమ్మకూ సరిగ్గా వినబడలేదట. తెల్లారేసరికి అమ్మకు మాట పడిపోయింది.” నుదుటి చెమట తుడుచుకుని, “అది మా తమ్ముడిక్కూడా తెలీదు,” అంది.

మూడు వారాలకు సినిమా తయారైంది. ఆరు నిమిషాలు. పెద్దక్క తన గదిలో తలుపు గడియపెట్టుకుని మరీ చూసింది. మొహాలు కనిపెట్టి మసక చేసే సాఫ్ట్‌వేర్ ఏదో వాడారట, అది మహా నిజాయితీ గలది. పెద్దక్క మొహంతో పాటు వెనక ఉన్న బొమ్మలన్నిటి మొహాలనూ మసక చేసేసింది. ఒంటి మీద గుడ్డ లేకపోయినా వాటి పరువుకు లోటు రాలేదు. గొంతేమో నూతిలో పడ్డ మగవాడిదిలా ఉంది.

మూడో నిమిషంలో ఆమె ఉలిక్కిపడింది. పక్కనున్న నిలువుటద్దంలో మసక లేదు. సాఫ్ట్‌వేర్ అద్దాన్ని పట్టించుకోలేదు. రెండే రెండు సెకన్లు, పక్కనుంచి ఆమె మొహం, నుదుటి మీద చెమటతో సహా, ఉన్నదున్నట్టు కనబడుతోంది.

ఏదైనా తేడా వస్తే వెంటనే ఫోన్ చెయ్యమని ఆ అమ్మాయి వందసార్లు చెప్పింది. ఫ్లోరు సారు కంటపడితే ఉద్యోగం ఊడుతుంది. పెద్దక్క ఫోన్ చేతిలోకి తీసుకుంది. ఫోన్ చెయ్యలేదు. ఆ రెండు సెకన్లను వెనక్కి జరిపి మళ్లీ చూసింది. ఎవరో ఒకరు కనిపెడతారు కదా అనిపించింది. అది భయమో ఆశో తేల్చుకోకుండానే పడుకుంది.

నాలుగు రోజుల్లో సినిమా ఊరంతా తిరిగింది. స్టాకు రూములో ఒకే ఫోన్ మీద నాలుగు తలలు వంగాయి. అయిదోది పెద్దక్కది.

“చూడవే, అమ్మ చెప్పిన మాట వినలేకపోయిందట పాపం,” అని బిల్లింగ్ అమ్మాయి కొంగుతో ముక్కు తుడుచుకుంది. “ఎవరో గానీ, ధైర్యం గల మనిషి. మన దగ్గర ఒక్కళ్లున్నారా అలా నోరు విప్పేవాళ్లు?”

“లేరు,” అంది పెద్దక్క.

“నువ్వు పెద్దదానివి, ఎప్పుడైనా సారుని అడిగావా?”

“అన్నం తినండే, టైమైపోతోంది.”

అద్దం వచ్చింది, వెళ్లింది. ఎవరూ ఏమీ అనలేదు. అమ్మ పోయినప్పుడు ఒక్క రోజు సెలవు పెట్టి మర్నాడు పనిలోకొచ్చిన మనిషి, ఎవరికీ ఏమీ చెప్పుకోలేదు. వాళ్లను అనడానికేముంది?

ఫ్లోరు సారు కూడా చూశాడు. ఆపి ఆపి, పెద్దది చేసి మరీ చూశాడు. పెద్దక్క మడతపెడుతున్న నిక్కరు మడత తప్పింది. చివరికి ఆయన తేలిగ్గా ఊపిరి వదిలి, “మన షాపు కాదులే. ఆ హ్యాంగర్లు చెక్కవి, మనవి ప్లాస్టిక్కువి,” అన్నాడు.

అయిదో రోజు తమ్ముడి దగ్గర్నుంచి పువ్వుల బదులు ఆ సినిమా లింకే వచ్చింది. కింద ‘పాపం ఎవరో, గొంతు కూడా పోయినట్టుంది. మీ షాపులోనూ ఇలాగేనా అక్కా?’ అని ఉంది. చివరిదాకా చూడకుండానే పంపాడని అర్థమైంది. చూసుంటే ఆసుపత్రి దగ్గర ఆగేవాడు. ఆమె ‘ఇలాగే నాన్నా’ అని కొట్టింది. కాసేపటికి బొటనవేలి బొమ్మ వచ్చింది.

సినిమా మాత్రం అర్జీలకు సాధ్యం కానిది సాధించింది. కార్మిక శాఖ ఆఫీసు నుంచి మనుషులు వచ్చి షాపు షాపుకూ తిరిగారు. పక్షం తిరక్కుండా ప్రతి కౌంటరు వెనకా ఒక స్టూలు వెలిసింది. మొదట కూర్చోవడానికి ఎవరికీ ధైర్యం చాలలేదు.

“పెద్దక్కా, నువ్వు కూర్చో ముందు. తిడితే నిన్ను తిడతాడు.”

పెద్దక్క కూర్చుంది. సారు చూశాడు, తల తిప్పుకున్నాడు. పది స్టూళ్లు ఒక్కసారిగా కిర్రుమన్నాయి. “ఆ వీడియో ఆవిడ చల్లగా ఉండాలి,” అంది బిల్లింగ్ అమ్మాయి గాల్లోకి చూస్తూ.

వారపు సెలవు రోజు మధ్యాహ్నం కెమెరా అమ్మాయి ఫోన్ చేసింది. గొంతులో ఏడుపొకటే తక్కువ.

“ఆంటీ, ఘోరం జరిగిపోయింది. అద్దంలో మీ మొహం ఉండిపోయింది, రెండు సెకన్లు. ఇవాళే చూసుకున్నాం. పాతది తీసేసి కొత్తది పెట్టేశాం, లింకు మీకూ పంపాను. కానీ అదృష్టం ఆంటీ! మూడు లక్షల మంది చూశారు, ఒక్కరు కూడా గమనించలేదు.”

“ఒక్కరు కూడానా?”

“ఒక్కరు కూడా!” ఆ అమ్మాయి సంబరానికి అంతులేదు.

“పాతది మీ దగ్గరుందా?”

“లేదాంటీ, ఎక్కడా లేకుండా తీసేశాం. మీరేం భయపడకండి.”

ఫోన్ పెట్టేశాక పెద్దక్క ఉతికిన దుప్పటి మడతపెట్టింది. మంచినీళ్లు తాగింది. మడతపెట్టిన దుప్పటి విప్పి మళ్లీ మడతపెట్టింది. అప్పుడు తమ్ముడికి ఫోన్ చేసింది.

“ఏంటక్కా, ఇప్పుడు చేశావు? ఒంట్లో బాగానే ఉందా?”

“బాగుందిరా. నువ్వు పంపావే, ఆ సినిమా. అందులో ఉన్నది నేనే.”

“జోకులా?”

“జోకైతే నవ్వేదాన్ని.”

అవతల టీవీ చప్పుడు ఆగింది. “కాళ్లు అంత నొప్పని నాకెప్పుడూ చెప్పలేదే?”

“నువ్వడగలేదురా. ఆ పిల్ల అడిగింది.” తిట్టినట్టు కాక, ధర చెప్పినట్టు చెప్పింది. “కొత్త లింకు పంపుతున్నా. చివరిదాకా చూడు. నాలుగో నిమిషంలో అమ్మ సంగతి ఉంది, నీకు తెలియనిది. నేను నోటితో చెప్పలేను.”

లింకు పంపింది. గోడ గడియారం కింద నిలబడింది. ఆరు నిమిషాలు గడిచాయి. పది గడిచాయి. చూసి ఉండడేమో. చూసి కోపం తెచ్చుకున్నాడేమో. కుర్చీలో నిద్రపోయినందుకు తనను తాను క్షమించుకోని మనిషి, వాడు క్షమిస్తాడని ఎలా అనుకుంటుంది? పావుగంటైంది. ఇరవై నిమిషాలైంది. పక్కింటి కుక్కరు మూడు కూతలు కూసి ఊరుకుంది.

ఫోన్ మోగింది. ముక్కు ఎగబీల్చడం ఒక్కటే వినబడింది. చిన్నప్పుడు దెబ్బ తగిలితే ఇంతే, ముందు ముక్కు మాట్లాడేది.

“అక్కా, కూర్చునున్నావా?”

“లేదురా. నువ్వు చేస్తావో చెయ్యవోనని నిలబడే ఉన్నాను.”

“కూర్చో. నేను బస్సెక్కుతున్నాను.”

ఆమె మంచం అంచున కూర్చుంది. ఫోన్ ఇంకా చెవికే ఉంది. అవతల వాడు చెప్పులు వెతుక్కుంటున్న చప్పుడు వింటూ ఉండిపోయింది.