క్యాలెండర్లో లేని నెల

“నీకెందుకిచ్చారు?” అన్నాడు భరద్వాజ.

రాగసుధ మినప్పప్పు కడుగుతోంది. పొట్టు నీళ్ళ మీదికి తేలుతుంటే గిన్నె వంచి పారబోస్తోంది. తడిచేతుల్తో ఫోను ముట్టుకోలేక, వచ్చిన మెసేజేంటో చదవమంది భర్తని. చదివాడు. కంపెనీవాళ్ళు ఆమెకి పదమూడో నెల జీతం వేశారు. అతని నోట్లోంచి ముందుగా ఊడిపడిన మాట అది. కోపంగా అన్నది కాదు, అసూయతోనూ కాదు. పక్కింటి ఉత్తరం మనింట్లో వేసిన పోస్టుమాన్ని అడిగినట్టు అడిగాడు. “పొరపాటున వేసుంటారు. చూసుకో, మళ్ళీ వెనక్కి లాగేస్తారు,” అని కూడా హెచ్చరించాడు, జాగ్రత్తపరుడు కాబట్టి.

“పొరపాటు కాదండీ. నేనడిగాను,” అంది ఆమె, గిన్నెలోకి చూస్తూ.

తెనాలిలో ఆ ఇంటి వెనకగదిలో కూర్చుని, హెడ్‌ఫోన్లు పెట్టుకుని, ఎవరెవరో మాట్లాడిన మాటలు విని రాయడం రాగసుధ పని. బెంగళూరు కంపెనీ ఒకటి రికార్డింగులు పంపుతుంది. ఆమె వాళ్ళ ఉద్యోగి కాదు, ఫ్రీలాన్సర్. నెలాఖరుకి బిల్లు పంపితే పన్ను పట్టుకుని మిగతాది వేస్తారు. ఆ కంపెనీ యజమానులది వేరే దేశం. అక్కడి అలవాటు ప్రకారం డిసెంబరులో ఉద్యోగులందరికీ ఇంకో నెల జీతం అదనంగా పడుతుంది. ఆ రోజు గ్రూపంతా థాంక్యూలతో నిండిపోతుంది. ఫ్రీలాన్సర్లకి మాత్రం ‘మీరు మా కుటుంబం’ అని రాసిన కాఫీ కప్పు కొరియర్లో వస్తుంది. కుటుంబం అనే మాట చూడగానే రాగసుధకి అర్థమైపోయింది, ఇక్కడా జీతం ఉండదని.

నిరుడు ఉండబట్టలేక మేనేజరు జ్యోతిలక్ష్మిని అడిగింది. ఆవిడ మంచిది, విసుక్కోకుండా చెప్పింది. “దీపావళికిచ్చే బోనస్‌కి చట్టం ఉందండీ, అర్హత ఉన్న ఉద్యోగులకి ఇచ్చి తీరాలి. పదమూడో నెలనేది మా కంపెనీ అలవాటు కొద్దీ ఇచ్చేది. ఫ్రీలాన్సర్లకి రెండూ రావు. కాంట్రాక్టులో రాయించుకుంటే తప్ప.” మళ్ళీ తనే, “ఇంతవరకూ ఎవరూ అడగలేదండీ,” అంది. కొత్త కాంట్రాక్టు వచ్చినప్పుడు రాగసుధ అడిగింది. ఆ మెయిలు రాస్తున్నంతసేపూ ఎవరి కొంగులోదో మూట విప్పుతున్నట్టనిపించింది. పంపేసి, లేచి వెళ్ళి పులుసులో పోపు వేసింది. వాళ్ళు ఒప్పుకున్నారు, అంత తేలిగ్గా.

భరద్వాజ రేపల్లెలో రొయ్యల మేత కంపెనీ ఆఫీసులో పనిచేస్తాడు. పొద్దున్నే ప్యాసింజరుకి వెళ్ళి, చీకటిపడేవేళకి వస్తాడు. అతనికి దీపావళి బోనస్ వచ్చిన రోజున అత్తగారు హైమావతి ఆ కవరు దేవుడి ముందు పెట్టి, సేమ్యా పాయసం చేయిస్తుంది. చేయిస్తుంది అంటే రాగసుధ చేస్తుంది. “మావాడి కష్టం,” అంటుంది అత్తగారు, మొదటి గ్లాసు కొడుక్కి అందిస్తూ. కోడలి సంపాదన ఆ ఇంట్లోకి కుళాయి నీళ్ళలాగా వస్తుంది. ఎప్పుడొచ్చిందో ఎవరూ చూడరు, బకెట్లు మాత్రం నిండుతాయి.

ఈసారీ అంతే. దేవుడి ముందు పెట్టకుండానే పంపకం అయిపోయింది. భరద్వాజ ఇన్వర్టరన్నాడు. అత్తగారికి వేరే ఆలోచన ఉంది. వచ్చే ఏడాది అధిక జ్యేష్ఠం వస్తోందట, అధికమాసంలో అల్లుడికి పెట్టుకుంటే మంచిదట, వెండి పళ్ళెం అయితే నిండుగా ఉంటుందట. “నీకేంటి, ఇంట్లోనే ఉంటావు, నీకు ఖర్చేముంది,” అంది నవ్వుతూ. నీకేం కావాలని ఒక్కరూ అడగలేదు. అడిగితే చెప్పడానికి ఆమె దగ్గరా జవాబు లేదు. అదే ఎక్కువ బాధనిపించింది.

కానీ పదమూడో నెల అన్న మాట ఆమెని వదల్లేదు. డబ్బు సంగతి అటుంచి, అసలా నెల ఎక్కడుంది? గోడమీద బట్టలకొట్టువాళ్ళిచ్చిన క్యాలెండరుంది. పొద్దున్న అందరూ వెళ్ళాక దాని దగ్గరికి వెళ్ళి, చివరి కాగితం పైకెత్తి చూసింది. వెనకాల సున్నం రాలిన గోడ. కొంచెం చల్లగా ఉంది. ఆ తెల్లటి చోటులోకి చూస్తూ నిలబడితే అదొక ఇసుక మేటలా కనిపించసాగింది. ఆ నెలలో పాలు పొంగవు. తువ్వాలెక్కడని ఎవరూ అరవరు. కావాలంటే గురువారం తర్వాత మళ్ళీ గురువారమే వస్తుంది. బాపట్ల దగ్గర సూర్యలంక తీరంలో, ఇసుకలో కూర్చునుంటుంది తను, మోకాళ్ళ చుట్టూ చేతులు చుట్టుకుని. ఏ పనీ మధ్యలో ఆపి రాలేదు కాబట్టి ఏదీ మాడుతుందన్న భయం లేదు. నీళ్ళు వస్తాయి, పాదాలు తడుపుతాయి, పోతాయి. ఆకలేసేదాకా కూర్చుంటుంది. అక్కడికొచ్చి ఆమె కల ఆగిపోయింది. తనకి ఎప్పుడు ఆకలేస్తుందో తనకి తెలీదు. అందరూ తిన్నాక తినడమే తప్ప, ఆకలేసి తిన్నది ఎప్పుడో గుర్తులేదు.

హెడ్‌ఫోన్లు పెట్టుకుంది. ఆరోజు రికార్డింగులో వాడరేవు మనిషి, పేరమ్మ అట, వేట గురించి చెబుతోంది. వెనకాల నిజం సముద్రం హోరు. “ఎండాకాలంలో రెండ్నెల్లు వేట ఆపేత్తారండి. చేపలు పిల్లల్ని పెట్టే కాలం కదా. ఆ రెండ్నెల్లూ సముద్రానికి సెలవండి,” అంది. అడిగేవాళ్ళెవరో అడిగారు, పని లేని రోజులకి డబ్బులేమైనా వస్తాయా అని. “పడవెక్కినోళ్ళకిత్తారండి. మేం గట్టుమీదుండి చేపలెండబెడతాం, అమ్ముకొత్తాం. మాకేం ఉండదు,” అని నవ్వింది పేరమ్మ. ఆ నవ్వు దగ్గర ‘నవ్వు’ అని రాయాలి, కంపెనీ నియమం. రాగసుధ రాయకుండా మళ్ళీ మళ్ళీ విన్నది. సముద్రానికి సెలవు. ఎంత బాగుంది ఆ మాట! సెలవిచ్చినా సముద్రం ఎక్కడికీ పోదు. తన పిల్లల్ని తను చూసుకుంటూ, తన హోరు తను వింటూ అక్కడే ఉంటుంది.

సాయంత్రం మామగారు వేంకటసుబ్రహ్మణ్యంగారికి కాఫీ ఇస్తూ అడిగింది, అధికమాసం ఎందుకొస్తుందని. ఆయన పురోహితులు. ఇలాంటివి అడిగితే ఆయన మొహం వికసిస్తుంది.

“చంద్రుడి ఏడాది చిన్నదమ్మాయ్, సూర్యుడిది పెద్దది. ఏటా కొన్నేసి రోజులు తేడా పడిపోతుంటాయి. ఎవరూ పట్టించుకోరు. అవన్నీ పోగై పోగై, మూడేళ్ళకోసారి నెలై కూర్చుంటాయి. కొత్త నెలేం కాదది. ఎప్పుడెప్పుడో మిగిలిపోయిన రోజులే.”

“పాపం, ఆ నెలని ప్రతి దేవుడూ నాకొద్దన్నాట్ట,” అంది హైమావతి వత్తులు చేసుకుంటూ. “చివరికి విష్ణుమూర్తి తన పేరిచ్చి పురుషోత్తమ మాసమన్నాడు.”

అంతేలెండి, దిక్కులేని నెలకైనా మగపేరు తగిలిస్తే గానీ గౌరవం రాదు అనుకుని లోపల్లోపలే నవ్వుకుంది రాగసుధ.

“పెళ్ళిళ్ళుండవు, గృహప్రవేశాలుండవు. ఆ నెల నాకూ విశ్రాంతే,” అన్నారు మామగారు గ్లాసు కింద పెడుతూ.

ఆ గ్లాసు పట్టుకుని వంటింట్లోకి వెళ్ళి ఏడ్చింది. ఎందుకో ఆమెకి తెలుసు. కుక్కరు కూతలకి మధ్య, గుమ్మంలో చప్పుళ్ళకి మధ్య, వింటున్న మాట ఆపేసి లేచిన ప్రతిసారీ రాలిపడిన ముక్కలన్నీ ఇన్నేళ్ళూ ఎక్కడికి పోయాయో అనుకునేది. ఎక్కడికీ పోలేదు. అవే నెలై వచ్చాయి.

బాపట్లలో టీచరుగా చేస్తున్న హెప్సిబా ఆమెకి డిగ్రీ రోజుల నుంచీ స్నేహితురాలు. రాగసుధ ఫోన్ చేసి, నెల్లాళ్ళుండటానికి చోటుందా అని అడిగింది.

“మేడమీద గది ఖాళీయేనే. ఫ్యాను తిరిగితే గోలగోలగా ఉంటుంది,” అంది హెప్సిబా. “నిజంగా వస్తావా, ఎప్పట్లాగా ఊరికే అంటున్నావా?”

“ఈసారి అద్దె కూడా ఇస్తా.”

ఆదివారం పొద్దున్న అందరూ టిఫిన్లకి కూర్చున్నారు. రాగసుధ ముగ్గురికీ దోసెలు వేసి పెట్టింది. తర్వాత ఇంకోటి తీసి నాలుగో పళ్ళెంలో వేసుకుంది. పెనం మీద మరొకటి పోసి, వచ్చి వాళ్ళ పక్కన కూర్చుంది. అలా ఎప్పుడూ కూర్చోదు.

“వచ్చే అధిక జ్యేష్ఠం నెలంతా నేను బాపట్లలో ఉంటానండీ,” అంది.

“ఏంటి, నెలంతానా?” భరద్వాజ చెయ్యి చట్నీలోనే ఆగిపోయింది. “అక్కడేం పని?”

“పనేం లేదండీ.”

“మరి ఆ డబ్బులు?”

“అవి ఆ నెలకేనండీ. వాళ్ళిచ్చింది ఇన్వర్టరుకి కాదు, నెలకి.”

“సెలవెవరిచ్చారు నీకు?”

“నేను ఫ్రీలాన్సర్నండీ. నాకెవరూ ఇవ్వక్కర్లేదు,” అంది. ఆ మాట ఇంత బాగుంటుందని ఆమెకీ అప్పటిదాకా తెలీదు.

హైమావతి తేరుకుంది. “బాగానే ఉంది. మరి వంటెవరు చేస్తారే ఆ నెలంతా?”

ఆ ప్రశ్న కోసమే ఆమె ఎదురుచూస్తోంది.

“మామయ్యగారికి ఆ నెల ముహూర్తాలుండవు కదండీ.”

వేంకటసుబ్రహ్మణ్యంగారు కోడలి మొహంలోకి చూశారు. భార్య వైపు చూశారు. తన చేతులకేసి చూసుకున్నారు. చివరికి, పెద్ద సందేహమేదో అడుగుతున్నట్టు మెల్లగా అన్నారు, “అన్నానికి ఎసరెంత పొయ్యాలో, వెళ్ళేలోపు ఒకసారి చెప్పమ్మాయ్.”

వంటింట్లోంచి దోసె మాడుతున్న వాసన వచ్చింది. ముగ్గురూ అలవాటుగా ఆమె వైపు చూశారు. ఆమె లేవలేదు. తన పళ్ళెంలోది వేడిగా ఉండగానే ముక్క తుంచుకుంది. రాగసుధకి ఆకలేస్తోంది.