మూలనున్న చిన్న డబ్బా

ఆ పళ్ళ ఆసుపత్రిలో ముందు బల్ల దగ్గర కూర్చునేది ఇద్దరు, పెద్దక్క, బుల్లి. పెద్దక్క అక్కడ ఎవరికీ సొంత అక్క కాదు, డాక్టరుగారితో సహా అందరూ అలాగే పిలుస్తారు. పన్ను నొప్పితో గగ్గోలు పెట్టేవాణ్ణి మాటల్లో పెట్టి కూర్చోబెట్టాలంటే ఆవిడ తర్వాతే ఎవరైనా. అలాంటి చోటికి కొత్త కంప్యూటరు ప్రోగ్రాము ఒకటి దిగబడింది. నెలాఖరుకల్లా అది పట్టుబడకపోతే పెద్దక్కని వెనక గదిలో పనిముట్లు కడిగే పనికి మారుస్తామన్నారు డాక్టరుగారు.

నేర్పే పని బుల్లి నెత్తిన పడింది. బుల్లి చెడ్డపిల్లేం కాదు. నోరు కాస్త దురుసు, ఓపిక బొత్తిగా సున్నా. చేరిన కొత్తలో బుల్లి ఇద్దరికి ఒకే సమయం ఇచ్చేస్తే, ఆ తప్పు మీద వేసుకుని తిట్లు తిన్నది పెద్దక్కే. చెప్పిందే చెప్పి నోరు నొప్పి పుట్టేసరికి ఆ కృతజ్ఞత కాస్తా అటకెక్కింది.

చివరికి, దేని తర్వాత ఏది నొక్కాలో స్క్రీన్‌షాట్లు తీసి ప్రింటు ఇస్తానంది. ముందు కావలసిన ముక్క మటుకే కత్తిరించి ఇస్తే పెద్దక్క ఒప్పుకోలేదు. ఉత్త ముక్క చూపిస్తే అది తెరమీద ఎక్కడుంటుందో తనకెలా తెలుస్తుందనీ, ఈ మూల నుంచి ఆ మూల దాకా ఉన్నదున్నట్టు కావాలనీ పట్టుబట్టింది. బుల్లి పళ్ళు నూరుకుంటూ, తెర మొత్తాన్నీ పట్టే మీట టకటకా నొక్కుకుంటూ పోయింది. ప్రింట్లు తీసి, కనీసం ఓసారి చూడకుండానే ఆవిడ చేతిలో పెట్టేసింది.

మర్నాటి నుంచి పెద్దక్క బొమ్మనీ తెరనీ మూలమూలా పోల్చుకుంటూ, రెండూ ఒకేలా ఉన్నాయని నమ్మకం కుదిరాకే తర్వాతి మీట నొక్కేది. నత్తనడకే, కాని తప్పులు చెయ్యడం లేదు. చూసి బుల్లికి కూడా ముచ్చటేసింది.

ఒక మధ్యాహ్నం రద్దీ తగ్గాక పెద్దక్క పిలిచింది.

"బుల్లీ, ఈ బొమ్మలో కింద మూల చిన్న డబ్బా ఉంది చూడు. ఎంత చేసినా నా తెరమీదకి రావడం లేదు. ఎక్కడో తప్పు చేస్తున్నాను."

బుల్లి వంగి చూసింది. అది ప్రోగ్రాములోది కాదు. స్క్రీన్‌షాట్లు తీస్తూ తీస్తూ లోపలి నర్సుతో తను నడిపిన చాట్. అక్షరాలు చీమల్లా ఉన్నా, రాసింది తనే కాబట్టి చదవనక్కర్లేకపోయింది.

అది అక్కర్లేదక్కా, వదిలెయ్ అంది. కాగితం ఇటిస్తే మంచి ప్రింటు తీసుకొస్తానని చెయ్యి చాపింది. పెద్దక్క ఇవ్వలేదు.

"మా అమ్మాయీ ఇదే మాటంది. నా కళ్ళకి ఆనడం లేదని, చదివి పెట్టమని నిన్న ఇంట్లో దానికిచ్చాను. చదివి, అక్కర్లేదమ్మా అని లోపలికెళ్ళిపోయింది. భోజనానికి పిలుద్దామని వెళ్తే ఏడుస్తోంది. ఎందుకో ఎంతడిగినా చెప్పలేదు." ఆ డబ్బా మీద వేలు పెట్టింది. "ఏముందే ఇందులో?"

ఏదో ప్రకటనలే అనెయ్యొచ్చు. ఆ అబద్ధం నోటి దాకా వచ్చింది కూడా. కాని ప్రకటన చదివి ఏ కూతురు ఏడుస్తుంది? బుల్లికి సిగ్గుతో చెవులు కాలిపోయాయి.

"నీ గురించి రాశానక్కా."

"అయితే చదువు."

ఎదుటి బెంచీ మీద దవడ పట్టుకుని కూర్చున్న పెద్దమనిషి కూడా ఇటే చూస్తున్నాడు. బుల్లి గొణిగితే, వినబడలేదంది పెద్దక్క. మళ్ళీ మొదటి నుంచి చదవాల్సివచ్చింది.

"ఈ ముసలావిడకి నేర్పే కంటే గోడకి చెప్పుకోవడం నయం. ఎప్పుడు వెనక గదిలోకి తోసేస్తారో గాని, పీడ విరగడవుతుంది."

రాసేటప్పుడు తెగ నవ్వుకున్న మాటలే. ఇప్పుడు వాటిని తన నోటితో ఆవిడ ముఖం మీదే చదువుతుంటే, భూమి చీలి తనని మింగేస్తే బాగుండుననిపించింది.

పెద్దక్క కళ్ళజోడు తీసి, కళ్ళు తుడుచుకుని, మళ్ళీ పెట్టుకుంది.

"అయితే ఇది నా తెరమీదకి రాకపోవడం నా తప్పు కాదన్నమాట," అంది. వేలు ఇంకా ఆ బొమ్మ మీదే ఉంది. "తర్వాతేం నొక్కాలి?"

బుల్లి చెప్పింది. ఆవిడ ముఖంలోకి చూడలేక, తెరకేసి చూస్తూ చెప్పింది.